ఒక బండి, ఇద్దరు బండితల్లులు

“వద్దురా దిన్, ఇవాళ వద్దు. వాన వచ్చేలా ఉంది. బండికి వెనక తలుపు లేదు. గుంటలో దిగినప్పుడల్లా మూటలు ఒక్కొక్కటే జారి రోడ్డు మీద పడతాయి. వెనకొచ్చే బస్సువాడు వాటిని తప్పించబోయి చెట్టుని గుద్దుతాడు. మనం జైలుకి పోతాం.”

బండి ఇంకా ఇంటి ముందు నుంచి కదలనే లేదు. ఆకాశంలో మబ్బు కూడా అరచెయ్యంతే ఉంది. అయినా బువాలాయ్‌కి అప్పుడే జైలు గది కనిపిస్తోంది, అందులో ఈగలు కూడా కనిపిస్తున్నాయి.

దిన్ మూటల మీద తాడు బిగిస్తూ, “జైల్లో వేళకి అన్నం పెడతారటమ్మా,” అన్నాడు.

“ఏం అన్నం? వాళ్ళు పెట్టేది జిగురన్నం కాదుట, పొడిపొడిగా ఉండే అన్నం. నీకు ముద్ద దిగదు.”

వాడు నవ్వాడు. ఆ నవ్వే ఆవిడకి భయం. నవ్వుతూ బయల్దేరినవాళ్ళకే ఏదో ఒకటి అవుతుందని ఆవిడ గట్టి నమ్మకం.

అరుగు మీద సీసామూతలతో గళ్ళాట ఆడుకుంటున్న మొగుడు, ఇంతా ఆయన పేరు, తలెత్తకుండానే, “నువ్వూ వెళ్ళరాదూ? నువ్వు పక్కనుంటే వాన కూడా జడుసుకుని ఆగుతుంది,” అన్నాడు.

ఆయన ఎగతాళికే అన్నాడు. ఆవిడ నిజంగానే ఎక్కి కూచుంది.

వాళ్ళ ఊరు తుంగ్ హోంగ్‌లో ఏ ఇంటి ముందు చూసినా నీలిమందు కుండలే. బువాలాయ్ ఇంట్లోనూ అంతే. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ గోళ్ళు నీలంగానే ఉన్నాయి. అద్దిన చొక్కాలని కొండ దారి కొట్లకి చేరవేసేది దిన్. ఆ బండి ఆవిడ మామగారిది, వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కు, ఒకప్పుడు పొగాకు మోసింది. ఏనుగు తొక్కిన డాట్సన్ అంటారు దాన్ని ఊళ్ళోవాళ్ళు, ఆ కాలపు ప్రకటనలో ఏనుగు దాని మీద కాలు పెట్టి నిలబడేదని. వయసులో దిన్ కంటే చాలా పెద్దది.

ఆ బండంటే వాడికి పిచ్చి. మామూలు పిచ్చి అయితే ఏ మందో మాకో ఉండేది. వాడిది ఒరిజినల్ పిచ్చి.

“అలాంటి అద్దం బజార్లో కొత్తది దొరుకుతుంది కదరా?” అంటే, “అది ఈ బండి అద్దం కాదమ్మా,” అనేవాడు. ఒక చక్రపు మూత ఉందని ఎవరో చెప్తే లంపాంగ్ పట్నం దాకా వెళ్ళాడు. కార్బురేటర్ ఊడదీసి, అందులోని చిన్న చిన్న ఇత్తడి ముక్కల్ని ఆవిడ కూరగిన్నెలో కిరోసిన్ పోసి నానబెట్టాడు. ఆ గిన్నెలో మళ్ళీ వండితే ఇంటిల్లిపాదీ చస్తారని ఆవిడ దాన్ని పెరట్లో పూడ్చేసింది. వెలిసిపోయిన మీగడ రంగు మీద కొత్త రంగు వెయ్యనివ్వడు, మైనం పెట్టి రుద్దుతాడు. ఇంత చేసినా వెనక తలుపు మాత్రం దొరకలేదు. కంపెనీ పేరు రేకులోనే ఉబ్బెత్తుగా అచ్చొత్తి ఉంటుందే, ఆ తలుపు. తాతగారి హయాంలోనే దాన్ని తుప్పు తినేసింది.

బువాలాయ్ ముందద్దం దగ్గర వేలాడుతున్న మల్లెదండకి దండం పెట్టింది. ప్రతి బండికీ ఒక తల్లి ఉంటుంది, మే యానాంగ్ అంటారు. బండితల్లి సంతోషంగా ఉంటే బండి నడుస్తుంది, అలిగితే ఆగుతుంది. “తల్లీ, వీడి మాటలు పట్టించుకోకు. మమ్మల్ని ఇంటికి చేర్చు చాలు.”

రోంగ్ క్వాంగ్ ఊరు దాటి కొండ ఎక్కుతుండగా వాన అందుకుంది. మామూలు వాన కాదు, ఎవరో పైనుంచి కుండలు కుమ్మరించినట్టు. దిన్ మూటల మీద పట్టా కప్పి, బండిని రోడ్డు పక్క నూడిల్స్ కొట్టు చూరు కిందకి తోసినంత పని చేశాడు.

తడిక గోడలు, రేకు కప్పు, పొయ్యి మీద ఎర్రటి పులుసు. పొయ్యి దగ్గర ఒక పెద్దాయన కుంటుకుంటూ తిరుగుతున్నాడు. పేరు పన్. గిన్నెలు అందించేది ఆయన కూతురు, జడ నెత్తి మీద ముడేసుకుని దాంట్లో పెన్సిల్ గుచ్చుకుంది.

“రండి పెద్దమ్మా, కూచోండి. పులుసులో గడ్డకట్టించిన పంది నెత్తురు ముక్కలు వెయ్యనా, వద్దా?”

“వెయ్యమ్మా. తాజావేనా? పాతవైతే వాంతులవుతాయి. వాడికి అసలే...” అంటూ కొడుకు వైపు తిరిగింది బువాలాయ్. కొడుకు కనిపించలేదు.

కాళ్ళు మాత్రం కనిపించాయి. గిన్నెలు పెట్టే బల్ల కింద నుంచి రెండు కాళ్ళు బయటికి ఉన్నాయి. మిగతా దిన్ అంతా లోపల.

ఆ అమ్మాయీ చూసింది. చూసి కేక పెట్టలేదు, గంతు వెయ్యలేదు. పులుసులో ఉన్న గరిటె తీసి, నెమ్మదిగా వంగి, ఠపీమని ఒక్కటిచ్చింది.

“అబ్బా! ఏయ్, నేను అక్షరాలు చూస్తున్నా!”

“నా కాళ్ళ మీద ఏం అక్షరాలున్నాయి?”

“నీ కాళ్ళెవరిక్కావాలి? బల్ల! ఈ బల్ల!” నుదుటి మీద పులుసు కారుతుండగా బయటికి పాకాడు దిన్. మొహం మాత్రం లాటరీ తగిలినవాడిలా వెలుగుతోంది. “అమ్మా, ఇది బల్ల కాదే! తిరగేసి పెట్టారు. డాట్సన్ వెనక తలుపు! ఒరిజినల్! చివర్న కొక్కేలు కూడా ఉన్నాయి!”

బువాలాయ్ పరుగున వచ్చి వాడి నుదురు పట్టుకుంది. “ముందు ఇలా చూడు. నేనెన్ని వేళ్ళు చూపిస్తున్నా? లోపల నెత్తురు గడ్డకడితే మనిషి నవ్వుతూనే పోతాట్ట. చూడమ్మా, నవ్వుతున్నాడు!”

“చెక్క గరిటే పెద్దమ్మా, ఏం కాదు,” అంది ఆ అమ్మాయి. “ఇనపది లోపలుంది. ఆ నవ్వు తగ్గాలంటే అది తెస్తా.”

దిన్‌కి అవేవీ వినపడటం లేదు. “దీన్ని నాకిచ్చెయ్. ఎంతకిస్తావ్?”

“అమ్మకానికి లేదు.”

“బదులు మంచి బల్ల చేయించిస్తా.”

“నూడిల్స్ అమ్ముతాం బాబూ ఇక్కడ. తినేవాళ్ళు పైన కూచోవాలి, కింద దూరకూడదు. తింటావా, గరిటె తియ్యనా?”

పొయ్యి దగ్గర పన్ పెద్దాయన భుజాలు కదిలాయి. అది నవ్వో దగ్గో బువాలాయ్‌కి తెలీలేదు. దగ్గే అయితే క్షయేమోనని గిన్నె కాస్త దూరం జరుపుకుంది.

ఆ కొట్టు ఛాయలకి మళ్ళీ రాకూడదని దారంతా అనుకుంటూ ఇంటికొచ్చింది.

ఆవిడైతే వెళ్ళలేదు. వాడు వెళ్ళాడు. మర్నాడు వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. కొండ దారిలో చొక్కాలు కొనేవాళ్ళు అకస్మాత్తుగా పెరిగిపోయారు కాబోలు, రోజూ ఏదో ఒక మూట పట్టుకుని బయల్దేరేవాడు. రాత్రి అన్నం వద్దనేవాడు.

“కడుపులో పాము పడిందేమోనండీ,” అంది మొగుడితో. “అక్కడ అంతంత తింటున్నాడు, ఒంటికి పట్టట్లేదు.”

“పాము కాదే,” అన్నాడు ఇంతా సీసామూత జరుపుతూ. “జడలో పెన్సిల్ పెట్టుకుంటుందిట కదా, అది.”

ఒక సాయంత్రం బండిలో కొత్త వస్తువు కనిపించింది. చలి పొద్దున ఇంజిన్ అందుకోవడానికి పట్టుకు లాగే నల్లటి చోక్ గుండీ. అంతకుముందు ఆ చోట ఒక మేకు ఉండేది.

“ఇదెక్కడిదిరా?”

“ఖిమ్ ఇచ్చింది.”

“ఖిమ్ ఎవరు?”

దిన్ నుదురు తడుముకున్నాడు. “గరిటె.”

వాళ్ళ నాన్న పాత డాట్సన్ సామాను ఇంకా కొంత పెట్టెలో ఉందిట. అడిగితే ఊరికే ఇవ్వదు. ఒక పూట గిన్నెలన్నీ కడిగితే చోక్ గుండీ. ఒక సంచీడు ఎండుమిరపకాయలు దంచితే పక్కద్దం. వెల్లుల్లి వొలిస్తే బండిలో సీటు ముందుండే చిన్న అర తలుపు.

“ఇంట్లో ఒక్క గ్లాసు కడిగిన పాపాన పోలేదు నువ్వు!” అంది బువాలాయ్. అని, వాడి చేతులు పట్టుకుని చూసింది. “మిరపకాయలు దంచిన చేత్తో కళ్ళు నులుముకోకు. చూపు పోతుంది.”

“పోతే ఖిమ్ చెయ్యి పట్టుకుని నడిపిస్తుందిలే.”

ఆ మాట వాడు ఎగతాళిగా అన్నాడు గానీ, అన్నాక చెవులు ఎర్రబడ్డాయి. తల్లి చూసింది. ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు.

తర్వాతి ఆదివారం ఖిమ్ తనే దిగింది. “నా గుండీ ఎలా ఉందో చూసి పోదామని వచ్చా పెద్దమ్మా,” అంటూ ఒక పొట్లం వేయించిన పందితోలు చేతిలో పెట్టింది. బువాలాయ్ దాన్ని వాసన చూసి, మొగుడికి ముందు పెట్టి, ఆయనకేం కాలేదని తేలాక తనూ ఒక ముక్క తింది. బాగుంది. అదీ భయమే. వంట బాగా చేసే పిల్లలు ఇంట్లోకి వస్తే తల్లి వంట ఎవడు తింటాడు?

ఆరేసిన నీలం గుడ్డల వెనక నిలబడి చూస్తోంది ఆవిడ. చూడాలని కాదు, గుడ్డలు ఆరాయో లేదో చూస్తోంది, అంతే.

దిన్ పక్కద్దం బిగిస్తున్నాడు. ఖిమ్ మెత్తటి గుడ్డతో దాని చుట్టూ రుద్దుతోంది.

“అలా గట్టిగా కాదు! ఒరిజినల్ మెరుగు. పోతే మళ్ళీ రాదు.”

“అబ్బో. నన్ను కూడా ఎవరైనా ఇంత జాగ్రత్తగా చూసుకుంటే బాగుండు.”

“నువ్వు ఒరిజినలేనా? ముందు అడుగున అక్షరాలున్నాయో లేదో చూడాలి.”

“మళ్ళీ అక్షరాలన్నావంటే ఈసారి ఇనపదే.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక కూడా అలాగే చూసుకుంటూ ఉండిపోయారు. గాలికి తడి గుడ్డ వచ్చి బువాలాయ్ మొహానికి చరుచుకుంది. సగం మొహం నీలం అయింది. ఆవిడకి తెలీనే లేదు.

“ఈ అద్దం గొప్పది తెలుసా,” అంటోంది ఖిమ్. “కొండ మీద నుంచి బండి నాన్నతో పాటు లోయలోకి దొర్లింది. ఆ దెబ్బకే నాన్న కాలు అలా అయింది. బండి తుక్కు తుక్కు. దీని మీద గీత కూడా పడలేదు.”

గుడ్డల వెనక బువాలాయ్ వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంది.

లోయలో పడ్డ బండి! ఇన్నాళ్ళూ వాడు ఒక్కొక్క ముక్కే తెచ్చి బిగిస్తున్నది చచ్చిన బండి సామాను! సామాను ఊరికే వస్తుందా? దాంతో పాటు ఆ బండితల్లి కూడా వస్తుంది. గుండీతో కొంచెం, అద్దంతో కొంచెం, అర తలుపుతో కొంచెం. రేపు ఆ వెనక తలుపు కూడా వస్తే పూర్తిగా వచ్చేసినట్టే. ఒక బండిలో ఇద్దరు తల్లులు! పాత తల్లి ఊరుకుంటుందా? ఈవిడ ఎడమకి పొమ్మంటే ఆవిడ కుడికి పొమ్మంటుంది. మధ్యలో చక్రం పట్టుకున్న నా కొడుకు ఏమైపోవాలి?

“అమ్మా, మొహం ఏంటి అలా ఉంది?” అన్నాడు దిన్ లోపలికొస్తూ.

“ఎలా ఉంది?”

“నీలంగా.”

“ఉండదూ మరి!” అని ఏడుపందుకుంది.

మర్నాడు సంత దారిలో హారన్ దానంతటదే మోగడం మొదలుపెట్టింది. ఆపితే ఆగదు. కోళ్ళు చెదిరిపోయాయి, చేపలమ్మే ఆవిడ గంప వదిలేసి తిట్టింది.

“వైరు తడిసిందమ్మా.”

“వైరా నా మొహమా. వాళ్ళిద్దరూ అరుచుకుంటున్నారు.”

“ఎవరిద్దరు?”

ఆవిడ చెప్పింది. వాడు నవ్వాడు. అంతే, ఇంక వాడితో చెప్పి లాభం లేదని ఆవిడకి అర్థమైంది.

రెండ్రోజులాగి, పొద్దున్నే మొదటి జీపు పట్టుకుని కొండ ఎక్కింది. సంచీలో అగరొత్తులు, బండితల్లికి కట్టే మూడు రంగుల గుడ్డ పేలికలు, మల్లెదండ, ఎర్ర సోడా సీసా. సోడాలో గొట్టం కూడా పెట్టింది, గొట్టం లేకపోతే తల్లి ఎలా తాగుతుంది? కొట్టు ఇంకా తెరవలేదు. తడిక తోసుకుని లోపలికెళ్ళి, ఆ వెనక తలుపు బల్ల ముందు మోకాళ్ళ మీద కూచుంది.

“తల్లీ, నీ మీద నాకు కోపం లేదు. నువ్వు ఇక్కడే ఉండు, ఈ సోడా తాగు, సుఖంగా ఉండు. మా బండిలో మా తల్లి ఉంది. వయసైంది, కొత్తవాళ్ళతో పడదు. పైగా నువ్వు... ఏమనుకోకు... లోయలో పడ్డ తల్లివి. నడిపించిన మనిషిని కుంటివాణ్ణి చేశావు. నాకు ఒక్కడే కొడుకు. నీ సామాను నీకు పంపించేస్తా. మా ఇంటికి మాత్రం రాకు.”

వెనక ఏదో ధబ్బున పడింది. బొగ్గుల సంచీ. దాని పక్కన ఖిమ్ నిలబడి ఉంది.

బువాలాయ్ సోడా సీసాని వెనక్కి దాచబోయింది.

“మా తల్లి ఎవర్నీ కుంటివాణ్ణి చెయ్యలేదు పెద్దమ్మా.” గొంతు పెద్దది చెయ్యలేదా పిల్ల. చేసినా బాగుండేది. “ఆరోజు వానకి రోడ్డే జారిపోయింది. నాన్న లోయలో పడున్నాడు, కదిపితే అరుస్తున్నాడు. మోసుకురావడానికి ఏమీ లేదు. కింద చేలో వాళ్ళు బండి వెనక తలుపు ఊడదీశారు. దాని మీద పడుకోబెట్టి పైకి తెచ్చారు. ఈ సొట్టలన్నీ ఏంటనుకున్నారు? రాళ్ళ మీద ఆనించినప్పుడల్లా పడ్డవి. బండి మొత్తం పోయినా ఇది నాన్నని వదల్లేదు. అందుకే నాన్న దీన్ని అమ్మడు. రోజూ దీని మీదే అన్నం పెడతాడు.”

“నాకు తెలీదమ్మా...”

“మీకు మా తల్లి అక్కర్లేదు. సరే. మా తల్లి వస్తువులన్నీ పంపించండి. ఒక్కటి కూడా ఉంచొద్దు.”

ఇంటికొచ్చిన తల్లి మొహం చూసి దిన్ అడిగాడు. ఆవిడ దాచలేకపోయింది. వాడు కోప్పడతాడనుకుంది, అరుస్తాడనుకుంది, ఇల్లొదిలి పోతాడనుకుంది. వాడు స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు. గుండీ విప్పాడు. అద్దం విప్పాడు. అర తలుపు విప్పాడు. ఒక్కొక్కదాన్ని తుడిచి, మైనం రాసి, నీలం గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. చోక్ చోట మళ్ళీ మేకు దిగింది.

సాయంత్రం ఇచ్చేసి వచ్చాడు.

“ఏమందిరా?”

“ఏం అనలేదు.”

మర్నాడు వెళ్ళాడు. ఏం అనలేదు. గిన్నె పెట్టింది, వెళ్ళిపోయింది. ఆ మర్నాడూ అంతే. గరిటెతో కొడుతుందేమోనని ఆశగా బల్ల కింద దూరాడట కూడా. వంగనైనా వంగలేదు.

వానాకాలం ముదిరింది. ఒకరోజు అన్నం దగ్గర దిన్ నెమ్మదిగా అన్నాడు: “ఈ వర్షాలు వెళ్ళేదాకా గుళ్ళో ఉందామనుకుంటున్నానమ్మా. కాషాయం కట్టుకుని.”

అక్కడి కుర్రాళ్ళు వానాకాలం మూణ్ణెల్లూ భిక్షువులుగా ఉండి మళ్ళీ ఇంటికి రావడం మామూలే, కొడుకు అలా సన్యాసం తీసుకుంటే తల్లికి అంతకు మించిన పుణ్యం లేదు. తుంగ్ హోంగ్‌లో ఇంకే తల్లయినా వెంటనే మేళం పిలిచేది. బువాలాయ్ చేతిలో ముద్ద పళ్ళెంలో పడిపోయింది. మూణ్ణెల్లని వెళ్తాడు. అక్కడ ప్రశాంతంగా ఉంటుంది, దోమతెర కూడా ఇస్తారు. ఇంకెందుకొస్తాడు? ముసలి భిక్షువైపోతాడు. తను పొద్దున్నే అన్నం పట్టుకుని గేటు దగ్గర నిలబడితే, ఎవరో ముసలావిడనుకుని పాత్ర చాపి వెళ్ళిపోతాడు.

వాడు లేచి వెళ్ళాక మొగుడు సీసామూతలు పక్కన పెట్టాడు. అది ఎప్పుడూ జరిగే పని కాదు.

“ఒక్క మాట చెప్పు. నువ్వు భయపడింది ఆ తల్లికా, ఆ పిల్లకా?”

ఆవిడ నీలం గోళ్ళ వైపు చూసుకుంది. “ఇద్దరికీ.”

“దేనికే?”

“ఇద్దరూ బాగున్నారు,” అంది. అని ముక్కు చీదుకుంది. “వాళ్ళు వస్తే నాకు చోటెక్కడుంటుంది?”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, “ఏవండీ, ఆ తలుపు మనం అడిగి తెచ్చుకుంటే పాపం ఆ పన్ పెద్దాయన గిన్నెలు ఎక్కడ పెట్టుకుంటాడు? కింద పెడితే కుక్కలు ముట్టుకుంటాయి. కుక్క ముట్టుకున్నది తింటే...” అంది.

ఇంతా లేచి పెరట్లోకి వెళ్ళాడు. మామగారు దాచిన టేకు పలకలు అక్కడే ఉన్నాయి.

బల్ల తయారయ్యాక, ఒక పొద్దున్న దిన్ బండి నడిపాడు. పక్కన తల్లి. ఎందుకు వెళ్తున్నారో వాడికి చెప్పలేదు. బల్ల ఎందుకో వాడూ అడగలేదు. అడిగితే తల్లి మనసు మార్చుకుంటుందేమోనని కాబోలు.

కొట్టు చూరు నుంచి సన్నగా చినుకులు జారుతున్నాయి. ఖిమ్ వాళ్ళని చూసినా కొత్తిమీర తరుగుతూనే ఉంది. పన్ పెద్దాయన మాత్రం కొత్త బల్ల చుట్టూ కుంటుకుంటూ తిరిగి, గోటితో చెక్క మీద కొట్టి చూశాడు.

“టేకు.”

“మా ఆయన చేశాడు పెద్దాయనా,” అంది బువాలాయ్. “కాళ్ళు ఊగుతాయేమోనని నేను రెండు అడ్డపట్టీలు వేయించా. మీ వెనక తలుపు మాకు కావాలి. డబ్బిచ్చి కొనడానికి రాలేదు. అడగడానికొచ్చా.”

పన్ దిన్ వైపు చూశాడు. “నీకిస్తే ఏం చేస్తావ్? ఈ సొట్టలు సాపు చేసి, రంగేసి, పాత బళ్ళ పోటీల్లో పెడతావా?”

“లేదు పెద్దాయనా.” దిన్ తల వంచుకున్నాడు. “సొట్టలు అలాగే ఉంటాయి. అవీ ఒరిజినలే.”

కొత్తిమీర తరిగే చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది.

“నాకేం అభ్యంతరం లేదు,” అన్నాడు పన్. “బల్ల బాగుంది, కుర్రాడూ బాగున్నాడు. కానీ మా తల్లి తరఫున మాట్లాడేది నేను కాదు.” కూతురి వైపు గడ్డం ఎత్తి చూపించి పొయ్యి దగ్గరికి పోయాడు.

బువాలాయ్ అగరొత్తులు వెలిగించింది. తడి గాలికి మూడు పుల్లలు పాడయ్యాయి. పాత బల్ల ముందు, అంటే సరిగ్గా ఖిమ్ ఎదురుగా, మోకాళ్ళ మీద కూచుంది.

“తల్లీ, మొన్న చాలా మాటలన్నాను. భయంతో అన్నాను. ఆ భయం ఇవాళ పోయిందని చెప్పడానికి రాలేదు. వచ్చేటప్పుడు కూడా దారంతా బ్రేకులు పోతాయనే అనుకున్నా. నువ్వు మా బండిలోకి వచ్చాకా భయపడతాను. నువ్వూ మా తల్లీ పోట్లాడుకుంటారేమోనని. పోట్లాడుకోకపోతే ఇద్దరూ ఒకటైపోయి నన్ను పక్కన పెడతారేమోనని. వాడు నీ చేతి వంట తిని నా వంట మర్చిపోతాడేమోనని... బండితల్లి వంట చెయ్యదనుకో, మాట వరసకి అన్నా. నేనింతే తల్లీ, మారను. పొద్దున్న లేస్తే ఏదో ఒకటి అంటాను, నువ్వే సర్దుకోవాలి. అయినా అడుగుతున్నాను. మా బండిలో చోటుంది. మా ఇంట్లోనూ ఉంది. పండగలకి నీ దండ నీకు, మా తల్లి దండ మా తల్లికి, ఒకే కొట్లో కొంటా, ఒకే పొడుగు. మా వాణ్ణి మనిషిని చేసి నడిపించు. వస్తావా?”

అడగాల్సింది అడిగేసింది.

అగరొత్తి బూడిద వంగింది, రాలలేదు. పొయ్యి మీద పులుసు కుతకుతలాడుతోంది. పన్ పెద్దాయన కలపడం మానేసి గరిటె పట్టుకుని నిలబడ్డాడు. దిన్ స్తంభానికి ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నాడో లేదో కూడా తెలీడం లేదు. తీసుకోకపోతే ప్రమాదం కదా అనుకుంది బువాలాయ్, కానీ తల తిప్పి చూసే ధైర్యం లేకపోయింది. ఈ పిల్ల వద్దంటుంది. తప్పకుండా వద్దంటుంది. వద్దని కూడా అనదు, ఇన్నాళ్ళలాగే గిన్నె పెట్టి వెళ్ళిపోతుంది. తను ఇలాగే మోకాళ్ళ మీద ఉండిపోతుంది, మోకాళ్ళు పట్టేస్తాయి, లేవలేదు, ఇద్దరు పట్టుకుని బండిలో పడెయ్యాలి.

రోడ్డు మీద ఒక లారీ వెళ్ళింది. దాని చప్పుడు మలుపు దాటి, కొండ దిగి, పూర్తిగా వినపడకుండా పోయింది.

ఖిమ్ కత్తి కింద పెట్టింది. చెయ్యి తుడుచుకుంది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి బువాలాయ్ పక్కనే, భుజానికి భుజం తగిలేలా మోకాళ్ళ మీద కూచుంది. ఆ అగరొత్తుల్లోంచి ఒకటి తీసి తన చేతిలో పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

“ఇద్దరం వస్తాం,” అంది.